గడ్డు నెల, ఆరో ఏడు: కరెంటు లైను చేరని పల్లెకు ఏ శక్తి తగినది?

పల్లెకు కరెంటు తేవాలనుకునేవారు తరచుగా ముందు యంత్రాన్ని ఎంచుకుని, ఆ తరువాత దానితో ఏయే పనులు జరుగుతాయో వెతుక్కుంటారు. పొరుగు ప్రాంతంలో సౌర ఫలకాలు బాగా పనిచేశాయని వినడమో, ఒక దాత ఫలానా పరికరాన్నే ఇస్తానని ముందుకు రావడమో, అమ్మకందారు చూపిన పట్టికలో ధర తక్కువగా కనిపించడమో ఎంపికకు కారణమవుతుంది. ఈ వరుస తలకిందులైనది. ఏ వ్యవస్థనైనా రెండు ప్రశ్నలతో తూచాలని నేను గట్టిగా నమ్ముతాను. సంవత్సరంలో అన్నిటికన్నా గడ్డు నెలలో అది ఎంత శక్తినిస్తుంది? మొదటి ఖరీదైన భాగం అరిగిపోయే నాలుగో ఏటనో ఆరో ఏటనో, దాన్ని మార్చడానికి డబ్బూ, ఆ పని తెలిసిన మనిషీ ఆ ఊళ్లో ఉంటారా? సౌరశక్తి, జలశక్తి, గాలి, జీవవ్యర్థాలు అనే నాలుగు దారులనూ ఈ రెండు ప్రశ్నలతోనే ఇక్కడ పోల్చుతున్నాను.

2022 నాటికి ప్రపంచంలో దాదాపు 68.5 కోట్ల మందికి విద్యుత్తు లేదు. వారిలో ప్రతి పదిమందిలో ఎనిమిది మందికి పైగా సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాలవారే. వంటకు పొగలేని ఇంధనం లేనివారు అంతకు మూడు రెట్లు, అంటే సుమారు 210 కోట్ల మంది. ఈ రెండు లోట్లనూ ఒకే యంత్రం తీర్చాలని ఆశించడం వల్లనే చాలా పథకాలు దెబ్బతింటాయి కాబట్టి, దీపాల సంగతినీ పొయ్యి సంగతినీ మొదటి నుంచీ వేరుగా ఉంచడం మంచిది.

ముందుగా అవసరాన్ని లెక్కగట్టాలి

ప్రపంచ బ్యాంకు ఇంధన విభాగం 2015లో విద్యుత్ సౌకర్యాన్ని మెట్లుగా విభజించింది. ఇంటికి రోజుకు కనీసం 12 వాట్-అవర్లు అందితే మొదటి మెట్టు. ఒక దీపం వెలగడానికి, ఫోను చార్జ్ కావడానికి అది సరిపోతుంది. 200 వాట్-అవర్లతో రెండో మెట్టులో నాలుగైదు దీపాలు, ఒక ఫ్యాను, చిన్న టీవీ కొన్ని గంటలపాటు నడుస్తాయి. మూడో మెట్టుకు రోజుకు ఒక యూనిట్ (వెయ్యి వాట్-అవర్లు), నాలుగో మెట్టుకు 3.4 యూనిట్లు, ఐదో మెట్టుకు 8.2 యూనిట్లు కావాలి. మెట్టు నిర్ణయంలో యూనిట్లతో పాటు గంటలను, ముఖ్యంగా సాయంత్రపు గంటలను కూడా లెక్కిస్తారు. కరెంటు లేని ఇంటికి సాయంత్రపు నాలుగు గంటల విలువ మధ్యాహ్నపు పది గంటల కన్నా ఎక్కువ కాబట్టి, ఈ కొలమానంలో నాకు బాగా నచ్చిన అంశం అదే.

ఒక ఊహా గ్రామాన్ని తీసుకుని లెక్క వేద్దాం. అరవై ఇళ్లు, ఇంటికి రోజుకు పావు యూనిట్ చొప్పున 15 యూనిట్లు. పదిహేను వీధి దీపాలు, ఒక్కొక్కటి 12 వాట్లు, రాత్రి పది గంటలు వెలిగితే రమారమి 2 యూనిట్లు. ఐదు కిలోవాట్ల మోటారుతో నడిచే పిండిమర రోజుకు మూడు గంటలు తిరిగితే మరో 15 యూనిట్లు. అంతా కలిపి 32 యూనిట్లు. ఈ లెక్కలో గమనించవలసినది మొత్తం కాదు, దాని పంపకం. ఇళ్లకు, వీధి దీపాలకు కావలసిన 17 యూనిట్లలో అధిక భాగం చీకటి పడ్డాక కావాలి. మర పగలు తిరిగితే చాలు. అయితే అది తిరిగే మూడు గంటల్లోనూ ఒక్కసారిగా ఐదు కిలోవాట్లను లాగుతుంది, మోటారు మొదలయ్యే క్షణాల్లో అంతకన్నా ఎన్నో రెట్లు లాగుతుంది. రోజు మొత్తానికి ఎన్ని యూనిట్లు, ఒకే క్షణంలో ఎన్ని కిలోవాట్లు అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. వాటిని కలిపేసి చూసిన ఊరు తప్పుడు యంత్రాన్ని కొంటుంది.

సౌరశక్తి: లాంతరు, ఇంటి కిట్టు, ఊరి గ్రిడ్డు

ఎండ పడని ఊరంటూ దాదాపు ఉండదు. ఫలకంలో కదిలే భాగాలు లేవు, పాతికేళ్లు పనిచేస్తుంది, ఏటా తగ్గే ఉత్పత్తి ఒక శాతం లోపే. కనుక ఇతర వనరుల గురించి కచ్చితమైన సమాచారం లేని చోట సౌరశక్తినే మొదటి ఎంపికగా తీసుకోవడం సబబు. అయినా మన ఊహా గ్రామానికి ఎంత పెద్ద సౌర కేంద్రం కావాలన్నది ఏ నెలను చూసి లెక్క వేశామన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఎండ నిండుగా ఉన్న నెలలో రోజుకు ఐదున్నర గంటల పూర్తి ఎండకు సమానమైన శక్తి దొరికి, వేడి, దుమ్ము, తీగలు, బ్యాటరీల వల్ల పది పాళ్లలో మూడు పోయి ఏడు మిగులుతాయనుకుంటే, 32 యూనిట్లకు 8.3 కిలోవాట్ల ఫలకాలు చాలు. ముసురు పట్టిన నెలలో ఆ ఎండ మూడు గంటలకు పడిపోతే అదే అవసరానికి 15 కిలోవాట్లు కావాలి. మంచి నెలను చూపించి 9 కిలోవాట్లకు ధర చెప్పే అమ్మకందారు, గడ్డు నెలను చూపించి 15 కిలోవాట్లకు ధర చెప్పేవారికన్నా చవకగా కనిపించడంలో వింత లేదు. ధరలను పోల్చే ముందు ఇద్దరూ ఏ నెల ఎండను తీసుకున్నారో అడిగి రాయించుకోవాలి.

పోయే ఆ మూడు పాళ్లలో వేడి వాటాను విడిగా చెప్పుకోవాలి. ఫలకం మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఉష్ణ దేశాల ఎండలో ఫలకం లోపలి వేడి 65 డిగ్రీలకు చేరడం మామూలే, సాధారణ ఫలకం ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం కోల్పోతుంది కాబట్టి, ఆ సమయంలో ఆరో వంతు దాకా ఉత్పత్తి తగ్గుతుంది. కప్పుకు, ఫలకానికి మధ్య గాలి ఆడే ఖాళీ వదలడం, దుమ్ము నేలల్లో వారానికోసారి తుడవడం వంటి చిన్న పనులు ఇక్కడ నిజంగా ఫలితాన్నిస్తాయి.

ఇక అసలు సమస్య బ్యాటరీ. సౌర వ్యవస్థల్లో ముందుగా పాడయ్యేది, ఎక్కువసార్లు మార్చవలసి వచ్చేది అదే. సీసం-ఆమ్లం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయువు త్వరగా తరిగిపోతుంది. జాగ్రత్తగా వాడినా మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది. 25 డిగ్రీలకు మించి పెరిగే ప్రతి పది డిగ్రీల వేడికీ ఆ ఆయువు దాదాపు సగమవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 80 నుంచి 90 శాతం దాకా ఖాళీ చేయవచ్చు, వేల సార్లు నింపవచ్చు, పదేళ్ల దాకా ఆశించవచ్చు. మన గ్రామపు 17 యూనిట్ల రాత్రి అవసరానికి లిథియం అయితే 20 యూనిట్ల నిల్వ సరిపోతుంది. సీసం అయితే 34 యూనిట్ల నిల్వ కావాలి. ఇలా చూస్తే యూనిట్ నిల్వకు సీసం ధర తక్కువన్న మాటలో సగం బలం పోతుంది, పదేళ్లలో దాన్ని రెండు మూడు సార్లు కొనాలన్న లెక్కతో మిగతాదీ పోతుంది. సీసానికి ఉన్న ఒక్క బలం, అది ఏ చిన్న పట్టణంలోనైనా దొరుకుతుంది, ఏ మెకానిక్ అయినా చూడగలడు. లిథియం బ్యాటరీలోని నియంత్రణ పలక పాడైతే వందల కిలోమీటర్ల దూరం పంపవలసి రావచ్చు. రవాణా బొత్తిగా లేని ఊరికి ఇది చిన్న విషయం కాదు. అయినా కొత్తగా పెట్టే వ్యవస్థకు, సరఫరాదారు రాతపూర్వకంగా హామీ ఇవ్వగలిగితే, నేను లిథియంనే సూచిస్తాను.

సౌరశక్తిలోనూ మూడు స్థాయిలు ఉన్నాయి. ఇళ్లు విసిరేసినట్టు దూరదూరంగా ఉండి, అవసరం దీపానికీ ఫోనుకూ మించని చోట, సౌర లాంతర్లు లేదా చిన్న కిట్లు (ఫలకం, బ్యాటరీ, దీపాలు కలిపి అమ్మేవి) చాలు. వీటిని కొనేటప్పుడు సౌర కిట్ల కోసం ఉన్న అంతర్జాతీయ నాణ్యతా ప్రమాణం ఐఈసీ 62257-9-8కి సరిపోతాయో లేదో చూడాలి. ప్రమాణం లేని చవక లాంతర్లు ఏడాది తిరగకుండానే మూలన పడి, సౌరశక్తి అంటేనే జనానికి నమ్మకం పోగొడతాయి. సంచార జీవనం గడిపేవారికి కూడా ఈ స్థాయే సరైనది. మంగోలియా ప్రభుత్వం లక్ష సౌర గుడారాల పథకం కింద పశుపోషక కుటుంబాలకు మడిచి తీసుకుపోగల కిట్లను అందించి, 2012 నాటికి ఆ లక్ష్యాన్ని చేరుకుంది. గుడారంతో పాటు కరెంటు కూడా ప్రయాణించవలసిన చోట స్తంభాలూ తీగలూ పనికిరావు.

ఇంటింటి కిట్లకు బంగ్లాదేశ్ పెద్ద ఉదాహరణ. 2003లో మొదలైన పథకంలో స్వచ్ఛంద సంస్థలు వాయిదాల మీద కిట్లను అమ్మి, వసూలుకు వచ్చే మనిషితోనే మరమ్మతు కూడా చేయించాయి. మొత్తం 40 లక్షలకు పైగా ఇళ్లలో కిట్లు పెట్టారు. పరికరం మామూలుదే, ప్రతి నెలా గడప తొక్కే మనిషి ఉండడం దాన్ని నిలబెట్టింది. తూర్పు ఆఫ్రికాలో ఆ వసూలు పనిని ఫోను చేస్తోంది. కెన్యాలో 2007లో మొదలైన ఫోను డబ్బు సేవ ఆధారంగా, రోజువారీ చిన్న మొత్తాలు చెల్లిస్తూ కిట్టును సొంతం చేసుకునే పద్ధతి వ్యాపించింది. చెల్లింపు ఆగితే కిట్టు దానంతటదే ఆగిపోతుంది. పంట చేతికి వచ్చినప్పుడే డబ్బు కనిపించే కుటుంబానికి ఈ కాఠిన్యం భారమే కాబట్టి, పంటకాలాన్ని బట్టి వాయిదాలు మార్చుకునే వీలు ఉందో లేదో ఒప్పందానికి ముందే అడగాలి.

ఇళ్లు గుంపుగా ఉండి, మర, పంపు, వెల్డింగ్, శీతల గది వంటి పగటి పనులు ఉన్నచోట మూడో స్థాయి అయిన మినీ గ్రిడ్, అంటే ఒక కేంద్రం నుంచి తీగలతో ఊరంతటికీ కరెంటు పంచే చిన్న గ్రిడ్డు, తగినది. ప్రపంచ బ్యాంకు 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో 21,500 మినీ గ్రిడ్లు 4.8 కోట్ల మందికి విద్యుత్తునిస్తున్నాయి. సౌర మినీ గ్రిడ్లలో మేలైనవాటి ఉత్పత్తి ఖర్చు 2018లో యూనిట్‌కు 55 అమెరికన్ సెంట్లు ఉండగా 2021కి 38 సెంట్లకు తగ్గింది. ఇది ఇప్పటికీ పెద్ద గ్రిడ్డు ధర కన్నా ఎక్కువే. ఈ ఖర్చును తగ్గించే మార్గాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది పగటి వాడకం. బ్యాటరీని తాకకుండా ఫలకం నుంచి నేరుగా మరకు పోయే యూనిట్ చాలా చవక. బ్యాటరీ గుండా రాత్రికి చేరే యూనిట్ ఖరీదైనది. పగలు పనిచేసే యంత్రాలు లేని ఊరిలో మినీ గ్రిడ్ పెట్టడం అంటే అందరి చేతా ఖరీదైన యూనిట్లనే కొనిపించడం. అలాంటి ఊరికి ప్రస్తుతానికి ఇంటింటి కిట్లే మేలు.

జలశక్తి: ఉన్నచోట దానికి సాటి లేదు

ఏడాది పొడవునా పారే వాగు, దానికి తగిన వాలు ఉంటే చిన్న జల విద్యుత్ కేంద్రాన్ని మించినది లేదు. రాత్రింబగళ్లు పనిచేస్తుంది, బ్యాటరీ అక్కర్లేదు, సరిగా చూసుకుంటే కాలువ, గొట్టం, టర్బైన్ దశాబ్దాలు నిలుస్తాయి. నేపాల్ కొండల్లో ఇలాంటి చిన్నా పెద్దా కేంద్రాలు వేల సంఖ్యలో ఏర్పడ్డాయి. క్రాస్ ఫ్లో అనే సాదా రకం టర్బైన్లను (నీటి తాకిడికి తిరిగే చక్రాలను) స్థానిక వర్క్‌షాపుల్లోనే తయారు చేయగలగడం అందుకు ఒక ముఖ్య కారణం.

లెక్క కూడా సులువు. సెకనుకు పారే నీటిని ఘన మీటర్లలో, నీరు పడే ఎత్తును మీటర్లలో తీసుకుని, రెండింటి గుణకారాన్ని 9.81తో హెచ్చవేస్తే కిలోవాట్లు వస్తాయి. చిన్న కేంద్రాల్లో అందులో సగం చేతికి వస్తుందనుకోవడం క్షేమం. సెకనుకు 50 లీటర్ల నీరు 20 మీటర్ల ఎత్తు నుంచి పడితే దాదాపు 4.9 కిలోవాట్లు, అంటే రోజుకు 118 యూనిట్ల దాకా. మన గ్రామానికి కావలసినదానికి ఇది మూడున్నర రెట్లు. ఇక్కడే జాగ్రత్త అవసరం. ఎండాకాలంలో అదే వాగు 15 లీటర్లకు తగ్గితే మిగిలేది దాదాపు ఒకటిన్నర కిలోవాట్లు. రోజుకు 35 యూనిట్లు వస్తాయి కనుక కాగితం మీద 32 యూనిట్ల అవసరం తీరినట్టే కనిపిస్తుంది. కానీ నిండు నెలల్లోనే 4.9 కిలోవాట్లతో ఇరుకుగా ఉన్న ఐదు కిలోవాట్ల మర ఆ నెలల్లో కదలనే కదలదు. నిల్వ లేని జల కేంద్రానికి హద్దు క్షణానికి ఇన్ని కిలోవాట్లని. సౌర కేంద్రానికి ప్రధాన హద్దు రోజుకు ఇన్ని యూనిట్లని. వాగును నమ్ముకున్న ఊరు మరను చిన్నదిగా పెట్టుకోవాలి, లేదా ఎండు నెలల కోసం కొన్ని ఫలకాలను తోడు తెచ్చుకోవాలి. చాలా ప్రాంతాల్లో వాగు తగ్గే కాలంలోనే ఎండ నిండుగా ఉంటుంది కాబట్టి ఈ రెండింటి జోడీ ఒకదాని లోటును మరొకటి తీర్చేదే.

వాగును కొలవడం ఒక్కరోజు పని కాదు. కనీసం ఒక ఎండాకాలమంతా కొలవాలి, ఊరి పెద్దలను అడిగి అతి తక్కువగా పారిన ఏళ్ల గురతులను తెలుసుకోవాలి. పైన, దిగువన అదే నీటితో పొలాలు తడుపుకునేవారి హక్కులను ముందే తేల్చుకోవాలి. టర్బైన్ నుంచి బయటపడ్డ నీరు తిరిగి వాగులోకే వెళ్లినా, మళ్లింపుకూ తిరిగి కలిసే చోటుకూ మధ్య ఉన్న పాయ ఎండిపోతుందని మరువరాదు. మరమ్మతుల విషయంలో అతి పెద్ద శత్రువు ఇసుక. వరద ఇసుకను దింపే తొట్టి లేకుండా కట్టిన కేంద్రంలో టర్బైన్ రెక్కలు కొద్ది కాలంలోనే అరిగిపోతాయి. కొండచరియలు విరిగితే కాలువను తిరిగి తవ్వవలసినది ఊరివారే. ఇవి కండబలంతో, ఐకమత్యంతో తీరే పనులు. బ్యాటరీ మార్చడానికి కావలసిన నగదు వీటికి అంతగా అక్కర్లేదు. చేతిలో డబ్బు తక్కువై, కలిసి పనిచేసే అలవాటు ఎక్కువగా ఉన్న ఊరికి జలశక్తి అతుకుతుందని నేను అనడానికి కారణం ఇదే.

గాలి

గాలి గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. గాలిలోని శక్తి దాని వేగానికి ఘనంగా పెరుగుతుంది. రెండు మీటర్ల వ్యాసం గల చిన్న గాలిమర సెకనుకు నాలుగు మీటర్ల గాలిలో సుమారు 30 వాట్లు ఇస్తే, ఐదు మీటర్ల గాలిలో దాదాపు 60 ఇస్తుంది, ఆరు మీటర్లలో 100. వేగాన్ని ఒక్క మీటరు తప్పుగా అంచనా వేస్తే సగం కరెంటు పోతుంది. చెట్ల నడుమ, ఇళ్ల కప్పుల మీద పెట్టిన చిన్న గాలిమరలు దాదాపు ఎప్పుడూ నిరాశపరుస్తాయి. స్తంభం చుట్టుపక్కల అడ్డాలకన్నా చాలా ఎత్తుగా ఉండాలి. కదిలే భాగాలు, తుపాన్లు, తీర ప్రాంతపు ఉప్పు గాలి నిర్వహణను బరువెక్కిస్తాయి. చైనాలోని ఇన్నర్ మంగోలియా గడ్డి మైదానాల్లో పశుపోషకులు చిన్న గాలిమరలను పెద్ద సంఖ్యలో వాడారు. అక్కడ అడ్డులేని మైదానం, చలికాలపు బలమైన గాలి ఉన్నాయి. అలాంటి చోట, ఏడాది పాటు కొలిచిన వేగం చేతిలో ఉంటే, సౌరానికి తోడుగా గాలిమర పెట్టవచ్చు. కొలత లేకపోతే ఆ డబ్బుతో మరికొన్ని ఫలకాలు కొనడమే మంచిది.

జీవవ్యర్థాలు: పొయ్యికి ఒక లెక్క, మోటారుకు ఒక లెక్క

ఇంట్లో పొయ్యి పొగ వల్ల 2020లో దాదాపు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ బాధను దీపాలు తీర్చలేవు. పశువులున్న ఇళ్లకు బయోగ్యాస్ ఒక గట్టి దారి. ఒక ఘన మీటరు గ్యాసుకు సుమారు 25 కిలోల పేడ కావాలి. నలుగురైదుగురున్న ఇంటి వంటకు రెండు ఘన మీటర్లు, అంటే రోజుకు 50 కిలోల పేడ, దాదాపు అంతే నీరు. కొట్టంలో కట్టి మేపే నాలుగైదు పశువులు ఉంటేనే ఇది సాధ్యం. పగలంతా బయట తిరిగి మేసే పశువుల పేడ చేతికి రాదు. నీటి కోసం ఆడవాళ్లు మైళ్లు నడిచే ఊళ్లో రోజూ 50 లీటర్లు అదనంగా మోయించే పథకాన్ని పెట్టడం అన్యాయం, అది నిలవదు కూడా. వేడి 15 డిగ్రీలకన్నా తగ్గే ఎత్తైన ప్రదేశాల్లో గ్యాసు బాగా పడిపోతుంది. ఈ షరతులు కుదిరిన చోట మాత్రం పొగలేని పొయ్యితో పాటు పొలానికి మేలైన ఎరువు దక్కుతుంది. నేపాల్‌లో 1992లో మొదలైన కార్యక్రమం లక్షల ఇళ్లకు వ్యాపించింది. బయోగ్యాస్‌తో కరెంటు తీయడం మాత్రం ఇంటి స్థాయిలో నేను సూచించను. ఒక ఘన మీటరు గ్యాసు చిన్న ఇంజనులో ఒకటిన్నర యూనిట్లే ఇస్తుంది. అదే గ్యాసు పొయ్యికి పోతే ఒక పూట వంట అవుతుంది.

ఊక, కట్టెపేళ్లు, కంకుల బెండ్లను చాలీచాలని గాలిలో కాల్చి ఇంజను నడిపే గ్యాసుగా మార్చే గ్యాసిఫైయర్లు ఊరంతటికీ కరెంటు ఇవ్వగలవు. యూనిట్‌కు ఒకటి నుంచి ఒకటిన్నర కిలోల ఇంధనం అవసరం. బిహార్‌లో 2007 నుంచి ఊకతో నడిచిన కేంద్రాలు ఎంతో ఆశ కలిగించాయి, కాని వాటిని నడిపిన సంస్థే తరువాత సౌరశక్తి వైపు మొగ్గింది. గ్యాసులోని తారును రోజూ శుభ్రం చేయాలి, పక్కనే మనిషి ఉండాలి. నిన్నటిదాకా పారబోసిన ఊకకు ఇవాళ కొనేవాడు ఉన్నాడని తెలియగానే దానికి ధర పుడుతుంది. మర యజమానే గ్యాసిఫైయర్ యజమాని కూడా అయి, తన ఊకనే తాను వాడుకుంటే ఈ చిక్కు ఉండదు. ఈ ఒక్క సందర్భంలో తప్ప గ్యాసిఫైయర్ జోలికి పోవద్దని నా సలహా.

గడ్డు నెలకు ఒక డీజిల్ ఇంజను

పునరుత్పాదక శక్తి గురించి శ్రద్ధగా ఆలోచించేవారికి ఈ మాట రుచించకపోవచ్చు గాని, చెప్పకపోతే పోలిక అసంపూర్ణం. ముసురు నెల కోసం 9 కిలోవాట్ల ఫలకాలను 15కి పెంచడానికి బదులు, ఏడాదిలో పది శాతం యూనిట్లను పాత డీజిల్ జనరేటర్‌తో తీసుకుంటే పెట్టుబడి గణనీయంగా తగ్గవచ్చు. జనరేటర్ మీద తగినంత వాడకం (లోడు) ఉంటే లీటరు డీజిల్‌కు మూడు యూనిట్ల దాకా వస్తాయి. అయితే డీజిల్ తెచ్చే దారి వానలకు మూసుకుపోయే ఊరికి ఈ లెక్క చెల్లదు, ఎందుకంటే ఇంధనం అవసరమైన నెలలోనే అది రాదు. అలాంటి ఊరు అదనపు ఫలకాలకే డబ్బు పెట్టాలి, లేదా ఆ నెలలో మర గంటలను తగ్గించుకోవడానికి ముందే ఒప్పుకోవాలి.

ఆరోగ్య కేంద్రం విషయంలో ఏ తగ్గింపుకూ ఒప్పుకోరాదు. కరెంటు బొత్తిగా లేని లేదా నమ్మదగని ఆరోగ్య కేంద్రాల మీద ఆధారపడినవారు దాదాపు వంద కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది. టీకాల కోసం బ్యాటరీ లేకుండా నేరుగా ఎండతో నడుస్తూ, చల్లదనాన్ని మంచు రూపంలో నిలవ ఉంచుకునే సౌర రిఫ్రిజిరేటర్లు ఉన్నాయి. ముందుగా చెడిపోయే భాగాన్నే తీసివేసిన ఆ పరికరాన్ని ఊరి గ్రిడ్డుతో కలపకుండా విడిగా ఉంచడం ఉత్తమం. కాన్పు గదికి కూడా సొంత ఫలకం, సొంత బ్యాటరీ ఉండాలి.

డబ్బు, చేతులు, రేపు వచ్చే లైను

నెల రుసుము నిర్ణయించేటప్పుడు బ్యాటరీ ధరను దాని ఆయువు నెలలతో భాగించి, ఆ మొత్తాన్ని ప్రతి నెలా విడి ఖాతాలో వేయాలి. పరికరాలన్నీ దానంగా వచ్చినా ఈ నియమాన్ని సడలించకూడదు. ఉచితంగా వచ్చిన వ్యవస్థలు ఆరో ఏట చీకటిపడేది ఈ ఖాతా లేకనే. ముందుగా డబ్బు కట్టి వాడుకునే మీటర్లు బాకీల తగాదాలను చాలావరకు తప్పిస్తాయి.

మరమ్మతుకు ఊరి మనిషే కావాలి, అందులోనూ ఊరు విడిచిపోని మనిషి కావాలి. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ అనేక దేశాల నుంచి వచ్చిన, చదువు అంతగా లేని నడివయసు స్త్రీలకు రంగుల గుర్తులతో, చేసి చూపించే పద్ధతిలో ఆరు నెలల్లో సౌర పరికరాల అమరిక, మరమ్మతు నేర్పింది. శిక్షణ పొందిన యువకులు పట్టణాలకు వెళ్లిపోవడం, ఈ స్త్రీలు ఊళ్లోనే ఉండిపోవడం ఆ ఎంపికకు కారణం. శిక్షణకు ఎవరిని పంపాలన్న నిర్ణయాన్ని పరికరం ఎంపికంత జాగ్రత్తగా చేయాలి.

పెద్ద గ్రిడ్డు లైను ఎప్పుడు వస్తుందో కూడా ముందే విచారించాలి. బిహార్‌లోని ధర్నాయ్ గ్రామంలో 2014లో వంద కిలోవాట్ల సౌర మినీ గ్రిడ్ మొదలైన కొద్దికాలానికే ప్రభుత్వ లైను చేరింది. చవకగా వచ్చే ఆ కరెంటు ముందు మినీ గ్రిడ్ నిలవలేక క్రమంగా మూతపడింది. బంగ్లాదేశ్‌లోనూ లైన్లు విస్తరించాక ఇంటి కిట్ల గిరాకీ పడిపోయింది. కంబోడియాలో కథ వేరు: అక్కడి చిన్న ప్రైవేటు గ్రిడ్ల యజమానులు లైసెన్సులు పొంది, తీగలను ప్రమాణానికి తగ్గట్టు మార్చుకుని, జాతీయ గ్రిడ్డు నుంచి కరెంటు కొని పంచే పంపిణీదారులుగా మారారు. తేడా నిబంధనల్లోనూ తీగల నాణ్యతలోనూ ఉంది. మూడేళ్లలోపు లైను వచ్చే సూచన ఉంటే ఇంటి కిట్లతో సరిపెట్టుకోవాలి. ఏడెనిమిదేళ్లు పడుతుందంటే మినీ గ్రిడ్ కట్టవచ్చు, కాని స్తంభాలను, తీగలను, ఇన్వర్టర్‌ను రేపు పెద్ద గ్రిడ్డుకు కలపగల ప్రమాణంలోనే పెట్టాలి.

సరఫరాదారుతో సంతకానికి ముందు ఒప్పందంలో నాలుగు అంశాలు ఉన్నాయో లేదో చూడాలి. గడ్డు నెలలో రోజుకు ఎన్ని యూనిట్లు ఇస్తుందన్న హామీ నెల పేరుతో సహా ఉండాలి. బ్యాటరీ ఎన్నేళ్లలో ఎంత శాతం నిల్వ కోల్పోతే ఉచితంగా మారుస్తారో రాసి ఉండాలి. చెడిపోతే ఎన్ని రోజుల్లో మనిషి వస్తాడో, రాకపోతే రుసుములో ఎంత తగ్గిస్తారో ఉండాలి. నాలుగోది తరచుగా మరిచేది: పాత బ్యాటరీలను ఎవరు వెనక్కి తీసుకుంటారు? సీసం బ్యాటరీని పెరట్లో పగలగొట్టి కరిగిస్తే ఆ మట్టిలో ఆడుకునే పిల్లల రక్తంలోకి సీసం చేరుతుంది. కొత్తది ఇచ్చే రోజునే పాతదాన్ని తీసుకువెళ్లే బాధ్యత సరఫరాదారుదేనని ఒప్పందంలో రాయించుకోవాలి.